చేయి పెట్టకూడదు

"జట్లు కట్టండి" అని మాస్టార్లు ఎంత తేలిగ్గా అనేస్తారో! ఆ మాట అనేసి వాళ్ళు కాగితాలు సర్దుకుంటూ కూర్చుంటారు. ఈలోపు తరగతిలో ఎన్ని స్నేహాల గుట్టు బయటపడుతుందో, ఎంతమంది ముఖాలు మాడిపోతాయో వాళ్ళకు పట్టదు. ఆ రోజు తొమ్మిదో తరగతిలో సైన్సు సారు "నలుగురేసి నాలుగు జట్లు" అన్నాడు. మూడు నిమిషాల్లో మూడు జట్లు తయారయ్యాయి. నాలుగో జట్టును ఎవరూ కట్టలేదు. ఆ మూడూ ఏరుకోగా మిగిలినవాళ్ళే నాలుగో జట్టయ్యారు.

అందులో లిఫ్టు మెకానిక్ కూతురు ఒకతె. ఆమెకు ఇది కొత్త కాదు. ఆ పిల్ల నోరు మంచిది కాదని తరగతిలో పేరు. అంటే బూతులు తిడుతుందని కాదు, తప్పు లెక్కను తప్పని ముఖం మీదే చెబుతుందని. అలాంటివాళ్ళను ఎవరు పిలుస్తారు? ఆమె పక్కన చేరిన ముగ్గురిలో ఒకడు నత్త. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికే పావుగంట తీసుకునే మనిషి. రెండోవాడు తుమ్ములరాయుడు. దుమ్ము కంటపడితే చాలు, వరసగా ఏడు తుమ్ములు తుమ్మందే ఊరుకోడు. మూడోది కొశ్చను. ఆ అమ్మాయి ప్రతిదానికీ "ఎందుకు?" అంటుంది, జవాబు చెబితే దానికీ "ఎందుకు?" అంటుంది. ఈ నలుగురినీ ఒకచోట చూసి తరగతి అంతా కిసుక్కుమంది. మెకానిక్ కూతురికి ఒళ్ళు మండిపోయింది.

పని ఇది. హాల్లో నాలుగు బల్లలు వరసగా వేస్తారు. వస్తువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, పడేసుకుంటూ పోగా, మొదటి బల్ల మీద పుట్టిన కదలిక నాలుగో బల్ల చివరిదాకా వచ్చి బడిగంట మోగించాలి. మొదటి జట్టువాళ్ళు రెండువందల పన్నెండు చెక్కబిళ్ళలు నిలబెడతారు. అవి ఒకదానిమీదొకటి పడి చివరి బిళ్ళ రెండో బల్లమీది నీళ్ళసీసాను ఒంచుతుంది. నీళ్ళు తక్కెడలో పడితే తక్కెడ వాలి మూడో బల్లమీద ఇనపగుండును వదులుతుంది. గుండు అట్టవంతెనల మీద మెలికలు తిరుగుతూ దిగి నాలుగో బల్లమీదికి వస్తుంది. అక్కణ్ణించి గంటదాకా మిగిలినవాళ్ళ పూచీ.

సారు బోర్డు మీద ఒక్కటే రూలు రాశాడు. మొదటి బిళ్ళ పడ్డాక ఎవరూ చేయి పెట్టకూడదు. ఆగితే ఆగినట్టే. ఎందుకు ఆగిందో నోటుబుక్కులో రాసుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. యంత్రం బాగా కుదిరితే నగరంలోని బళ్ళన్నీ కలిసి పెట్టే ప్రదర్శనకు తీసుకువెళతారు.

మెకానిక్ కూతురు ఆ మాట విన్నప్పుడే తీర్మానించుకుంది. తను ప్రదర్శనకు వెళ్ళి తీరాలి. బహుమతి రాకపోయినా సరే. ఒక్కసారైనా ఏదో ఒకదానిలో తన బల్ల ఉండాలి, దాన్ని తీసేస్తే మిగతాది నడవకూడదు.

ఏం కట్టాలో ఆమె వెతుక్కోనక్కర్లేకపోయింది. ఇంట్లో ముందుగది సగం తండ్రి సామాన్లే. తెగిన వైర్లు, అరిగిన కప్పీలు, గ్రీజు డబ్బాలు. ఆయన పనినుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోగానే ఆమె ఎదురుగా చతికిలబడింది.

"నాన్నా, చిన్న లిఫ్టు కట్టాలి. చిన్నదంటే నా మోచెయ్యంత."

"ఎవర్ని ఎక్కిస్తావమ్మడూ అందులో?"

"ఎవర్నీ కాదు. అది పైకెళ్ళి ఒక మీట తన్నాలి, ఆ మీట ఊడితే సుత్తి గంటమీద పడాలి."

ఆయన సంచిలోంచి పాత కప్పీ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. "ముందు బ్రేకు సంగతి చూడు. లిఫ్టును నడపడం ఎవడైనా నడుపుతాడు. అసలు లిఫ్టులో బ్రేకు ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. కరెంటు వచ్చి దాన్ని వదిలించాలి. కరెంటు పోయిందా, దానంతటదే గభాల్న పట్టేస్తుంది. అందుకే జనం ప్రాణాలతో ఇంటికెళ్తున్నారు. అది లేకపోతే దాన్ని లిఫ్టు అనరు, డబ్బా అంటారు."

పుట్టినప్పటినుంచీ ఇవే మాటలు వింటూ పెరిగిన పిల్ల, ఇంకెలా కడుతుంది? కప్పీకి రబ్బరు ముక్క ఒకటి అదిమి పట్టుకునేలా స్ప్రింగు బిగించింది. గుండు వచ్చి ముందు ఒక చెంచాలో పడాలి. ఆ బరువుకు చెంచా ఒంగి కొక్కేనికి తగులుకుంటే అవతలి కొస లేచి రబ్బరును ఎత్తిపడుతుంది. అప్పుడు గుండు చెంచాలోంచి, కప్పీ మీది తాడుకు ఒకవైపు వేలాడే చిన్న డబ్బాలోకి జారుతుంది, డబ్బా దిగుతుంది, రెండోవైపు లిఫ్టు లేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తీరా పరీక్షిస్తే పదకొండుసార్లు గుండు వేశారు, పదకొండుసార్లూ చెంచా ఒంగలేదు. లిఫ్టు బిగదీసుకుని కూర్చుంది.

సైన్సు సారు వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన మెత్తటి మనిషి, నవ్వినా నొప్పించనట్టే నవ్వుతాడు.

"అమ్మా, ఇక్కడ అందరూ చిటికేస్తే పడిపోయేవి కడుతున్నారు. నువ్వొక్కదానివే ఏం చేసినా పడిపోనిది కట్టావు!"

అంతే, ఆ పూటనుంచి ఆమె పేరు బ్రేకమ్మ. మూడో జట్టు నాయకుడు పెట్టాడు ఆ పేరు. వాణ్ణి అందరూ ఫస్టు అంటారు, ఎప్పుడూ మొదటి ర్యాంకు కాబట్టి. వాడి అట్టవంతెనలు రంగురంగుల కాగితాలతో కళ్ళు చెదిరేలా ఉంటాయి. "బ్రేకమ్మా, మా గుండు మీ దగ్గరికొచ్చి చస్తుందేమో చూసుకో" అని వాడంటే వాడి జట్టంతా పకపకా నవ్వింది.

నాలుగో జట్టులో కూడా గొడవ మొదలైంది. నత్త తాపీగా గొంతు సవరించుకున్నాడు.

"బ్రేకు తీసేస్తే పోలా?"

"తియ్యను."

"ఎందుకు?" అంది కొశ్చను.

"ఎందుకంటే అది లేకపోతే గుండు రాకుండానే కదులుతుంది."

"ఎందుకు కదులుతుంది?"

"తీసి చూడండి, మీకే తెలుస్తుంది!" అని బ్రేకమ్మ విసురుగా స్ప్రింగు ఊడబీకి వాళ్ళ ముందు పడేసింది.

తీసి చూశారు. లిఫ్టు, డబ్బా రెండూ సరిసమానంగా, ఊపిరి తగిలితే కదిలేలా వేలాడుతున్నాయి. ఎంతో సున్నితంగా ఉందని నత్త మురిసిపోతున్నాడు. అంతలో తుమ్ములరాయుడు ముక్కు ఎగబీల్చాడు. మొదటి తుమ్ముకు బల్ల అదిరింది. రెండో తుమ్ముకు డబ్బా జారింది. మూడో తుమ్ముకు సుత్తి దబ్బున పడింది. మిగతా నాలుగు తుమ్ములూ వాడు సిగ్గుతో చేతుల్లో ముఖం దాచుకుని తుమ్మాడు. నలుగురూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు. ఒక జట్టుగా అంతలా నవ్వడం వాళ్ళలో ఎవరూ అంతకు ముందు ఎరగరు. బ్రేకు ఉండాలని ఆ రోజుతో తేలిపోయింది.

ఇక దాన్ని దారికి తెచ్చే పని మిగిలింది. అక్కడే నత్త అసలు రంగు బయటపడింది. సారు ఒకే తూకం గుండ్లు రెండు ఇచ్చాడు, లారీ బేరింగులోంచి తీసినవి. ఒకటి మూడో బల్లకు, ఒకటి నాలుగో బల్లకు. ఆ గుండు పడితే వదలాలి, అంతకు ఒక్క పిసరు తక్కువ పడినా వదలకూడదు. నత్త స్ప్రింగును పావు చుట్టు వదులు చేస్తాడు, గుండు వేస్తాడు, చూస్తాడు, రాస్తాడు. మళ్ళీ పావు చుట్టు. ఇంకొకళ్ళైతే విసుగుతో దాన్ని నేలకేసి కొట్టేవాళ్ళు. వాడికి విసుగన్నది తెలియదు. నాలుగో రోజుకు నలభైసార్లు వేస్తే ముప్ఫై ఎనిమిదిసార్లు సుత్తి పడింది. ఆ రెండుసార్లూ ఎందుకు పడలేదని కొశ్చను అందర్నీ పీక్కుతిని, గుండు చెంచా అంచుకు తగులుతోందని కనిపెట్టింది. చెంచా అంచుకు గుడ్డ అతికించారు. తుమ్ములరాయుడు బల్లకింద దూరి రోజూ తడిగుడ్డతో దుమ్ము తుడిచేవాడు, తన ముక్కు భయం తనది.

కానీ ఆ గుడ్డ అతికించడానికి ముందురోజే హెడ్‌మాస్టరు హాల్లోకి వచ్చాడు. ఆయనకు పిల్లలు పెట్టిన పేరు సజావు సారు. ఏం మాట్లాడినా "అంతా సజావుగా జరగాలి" అని ముగిస్తాడు. ఆయన ఎదుటే నాలుగు బల్లలూ కలిపి నడిపారు. మూడు బల్లలూ చక్కగా నడిచి నాలుగో బల్ల దగ్గర గుండు అంచుకు కొట్టుకుని ఆగిపోయింది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆ లిఫ్టును ఎగాదిగా చూశాడు. "ఎవరిదిది?"

"మాది సార్" అంది బ్రేకమ్మ.

"శుక్రవారం ప్రదర్శన కమిటీ మేడం చూడ్డానికి వస్తున్నారు. ఆవిడ ముందు ఇది ఆగిందంటే మీ బల్ల ప్రదర్శనకు రాదు. మూడు బల్లలే వెళతాయి. మూడో బల్ల చివరే గంట పెట్టేస్తాం. అర్థమైందా?" ఆయన కాస్త ఒంగి గొంతు తగ్గించాడు. "అయినా ఇంత బాధ ఎందుకమ్మా? ఆగితే ఇలా వేలితో ఒక్క తోపు తొయ్యి. ఎవరు చూడొచ్చారు?"

"చేయి పెట్టకూడదు కదా సార్. రూలు."

"రూళ్ళు పిల్లలకు నేర్పడానికి. మేడం వచ్చినప్పుడు అంతా సజావుగా జరగాలి."

బ్రేకమ్మ సైన్సు సారు వైపు చూసింది. బోర్డు మీద ఆ రూలు రాసిన మనిషి ఆయనే. ఆయన జేబులోని పెన్ను తీసి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. హెడ్‌మాస్టరు మాటకు ఆయన ఎదురు చెప్పగా ఈ బడిలో విన్నవాళ్ళు లేరు. ఆమెకు ఆయన మీద జాలి వెయ్యలేదు, కోపం వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం గంటను హాల్లోకి తెచ్చారు. అది వరండాలో కొక్కేనికి వేలాడే ఇత్తడి పళ్ళెం, కొడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఇప్పుడు మోగితే పొరపాటున ఎవరూ ఇళ్ళకు పోకూడదని తరగతులన్నిటికీ ముందే చీటీ పంపించాడు సజావు సారు. "పని కాగానే నాకిచ్చెయ్యాలి, ఆఖరి గంట కొట్టుకోవాలి" అని అటెండరు పదిసార్లు చెప్పి మరీ దాన్ని తగిలించాడు.

కమిటీ మేడం వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. ఫస్టు తెల్లటి ఇస్త్రీ చొక్కాలో నిలబడి యంత్రం గురించి గడగడా చెప్పాడు. మొదటి బిళ్ళను తోశారు. రెండువందల పన్నెండూ టపటపా పడ్డాయి. సీసా ఒంగింది. నీళ్ళు పడ్డాయి, తక్కెడ వాలింది. మూడో బల్లమీద గుండు కదిలి రంగుల వంతెనల మీద బిరబిరా దిగింది. నాలుగో బల్లమీదికి వచ్చి చెంచాలో పడింది.

చెంచా ఒంగలేదు.

బ్రేకమ్మ ఒంగి చెంచాలోకి చూసింది. అందులో ఉన్నది ఇనపగుండు కాదు. ఆకుపచ్చ గాజుగోళీ. దాని బరువు గుండు బరువులో మూడోవంతు కూడా ఉండదు. ఆమె తలెత్తి ఫస్టు వైపు చూసింది. వాడు కిటికీవైపు చూస్తున్నాడు.

కుర్చీల వెనకనుంచి సజావు సారు కళ్ళతోనే సైగ చేశాడు. తొయ్యి. ఆమె కదల్లేదు. ఆయన నవ్వు ముఖంతో రెండడుగులు ముందుకు వచ్చాడు. "ఊఁ, కానివ్వమ్మా, తొయ్యి."

ఒక్క తోపు. చూపుడువేలితో ఒక్క తోపు తోస్తే ఆమె బల్ల ప్రదర్శనకు వెళుతుంది, ఆమె వెళుతుంది, నత్త వెళతాడు, కొశ్చను, తుమ్ములరాయుడు వెళతారు. తొయ్యకపోతే నలుగురూ మళ్ళీ మిగిలినవాళ్ళే. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. పక్కన నత్త కూడా, వాడి తీరున వాడు తాపీగా, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ తర్వాత మిగతా ఇద్దరూ.

"చేయి పెట్టకూడదు సార్" అంది ఆమె. ఆ మాట హాలంతా వినిపించింది.

సజావు సారు నవ్వు చెదరనివ్వకుండానే వచ్చి తనే వేలితో చెంచాను నొక్కాడు. గోళీ డబ్బాలో పడింది గాని, దాని బరువుకు డబ్బా ఎక్కడ దిగుతుంది? దాన్నీ తనే కిందికి నొక్కాడు. లిఫ్టు లేచి మీటను తన్నింది, సుత్తి పడింది, గంట ఖంగుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో కూడా తీశారు.

"గంట మోగింది! అద్భుతం!" అన్నాడు ఆయన.

"అది మోగలేదు సార్. మీరు మోగించారు" అంది బ్రేకమ్మ.

చప్పట్లు సగంలో ఆగాయి. కమిటీ మేడం ఏదో అడగబోయింది. సజావు సారు "పిల్లలు కదండీ, ఉత్సాహం ఎక్కువ, రండి టీ చల్లారిపోతుంది" అంటూ ఆవిణ్ణి తన గదివైపు నడిపించాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి సైన్సు సారుకు ఒక కాగితం అందించాడు. "ప్రదర్శన ఫారం. మూడు బల్లలని రాసి పంపించండి. మేడం వెళ్ళేలోపు కావాలి."

ఆయన వెళ్ళిపోయాక సైన్సు సారు బ్రేకమ్మ దగ్గరికి వచ్చాడు. "పోనీలేమ్మా. చప్పట్లు కొట్టారుగా. నేనేదో విధంగా మార్కులు..."

"మార్కులు ఎవరడిగారు సార్? ఆ రూలు ఎవరు రాశారు? మీరు కాదా?"

అలా అడగకూడదని ఆమెకూ తెలుసు. అయినా అడిగేసింది, అడిగినందుకు ఏమాత్రం బాధపడలేదు. డబ్బాలోంచి గోళీ తీసి నేరుగా ఫస్టు దగ్గరికి వెళ్ళి అరచేయి చాపింది.

"ఇదెందుకు వేశావు?"

వాడి ముఖం కందగడ్డలా అయింది. "పొద్దున చూసుకుంటే... గుండు బరువుకు వంతెన చిరిగిపోయింది. అతికించే టైం లేదు. గోళీ అయితే చిరగదని..."

"మాకు చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నా." వాడు నేల చూపులు చూశాడు. "ఆగినా మీ దగ్గరే ఆగుతుంది కదా. అందరూ మీదే తప్పనుకుంటారని..."

నిజం చెప్పాడు పాపం. ఆ నిజం చెంపమీద కొట్టినట్టు తగిలింది. తుమ్ములరాయుడు పిడికిలి బిగించి ముందుకు వచ్చాడు. బ్రేకమ్మ వాణ్ణి చేత్తో ఆపింది.

"ఒరేయ్ ఫస్టూ, నీ మీద కోపం సోమవారం చూపిస్తాను, అది ఎక్కడికీ పోదు. ఇప్పుడు వంతెన కట్టు."

"ఇప్పుడా? ఎందుకు? అయిపోయిందిగా!"

"ఏం అయిపోయింది? ఆగింది. ఆగితే ఏం చెయ్యాలి? మళ్ళీ మొదటినుంచి."

ఆమె మొదటి బల్ల దగ్గరికి నడిచి పడిపోయిన చెక్కబిళ్ళల్లో ఒకటి తీసి నిలబెట్టింది. రెండోది నిలబెట్టింది. కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. వేరే తరగతుల పిల్లలు వెళ్ళిపోతున్నారు. ఎవరి కోసం ఇదంతా అని ఎవరో అన్నారు. ఆమె మూడోది నిలబెట్టింది. రెండువందల పన్నెండులో మూడు. నత్త వచ్చి నాలుగోది నిలబెట్టాడు. మొదటి జట్టు నాయకురాలు కొంచెంసేపు నడుంమీద చేతులు పెట్టుకుని చూసింది.

"మావన్నీ చక్కగా పడ్డాయి" అంది గొణుక్కుంటూ. "ఒక్కటి కూడా ఆగలేదు. ఇంత చేసి అదంతా దొంగ గంట కింద ఎందుకు పోవాలి? జరుగు, నువ్వు వంకరగా పెడుతున్నావు." అని తనూ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమెతో ఆమె జట్టు వచ్చింది. రెండో జట్టు సీసా నింపడానికి కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

ఫస్టు జేబులోంచి ఇనపగుండు తీసి తక్కెడ పక్కన పెట్టాడు. అట్టముక్కకు జిగురు రాసి వంతెన కిందినుంచి అతికించాడు. ఆరీ ఆరకముందే బిళ్ళను తోశారు. బిళ్ళలు పడ్డాయి, సీసా ఒంగింది, గుండు కదిలింది. రెండో మెలిక దగ్గర వంతెన పరపరా చిరిగి గుండు బల్లమీద పడి ఆగిపోయింది. అందరి ముందూ, వాడి బల్లమీద. ఇన్నేళ్ళలో ఫస్టుకు అలాంటి సంగతి ఎన్నడూ జరగలేదు. వాడి చేయి గుండువైపు అప్రయత్నంగా సాగింది. మధ్యలో ఆగింది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని, ఎర్రబడ్డ కళ్ళతో, "మళ్ళీ మొదటినుంచి" అన్నాడు.

"రాయి నోటుబుక్కులో" అంది కొశ్చను. "ఎందుకు చిరిగిందో కూడా రాయి."

ఈసారి రెండు అట్టలు కలిపి కట్టారు. పైన రంగుకాగితం అతికించే తీరిక ఎవరికీ లేదు. చెక్కబిళ్ళలు నిలబెట్టడానికి పదిహేనుమంది వంగారు. పదహారోవాణ్ణి, అంటే తుమ్ములరాయుణ్ణి, ముక్కుకు గుడ్డ కట్టి గుమ్మం అవతల నిలబెట్టారు. ఆఖరి పీరియడు సగం దాటింది. అటెండరు గంట కోసం వచ్చి హాలు చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి? నా గంట ఇవ్వండి, కొట్టే టైమవుతోంది."

"పది నిమిషాలు ఆగన్నా" అంది బ్రేకమ్మ తలెత్తకుండానే. "ఇప్పుడు దాన్ని ముట్టుకుంటే మా ప్రాణాలు పోతాయి."

అటెండరు సైన్సు సారు వైపు చూశాడు. సారు గోడ పక్క బల్లమీద కూర్చుని ఫారం ముందు పెట్టుకుని ఉన్నాడు. ఇంతసేపూ ఆయన ఒక్క అక్షరం రాయలేదు. వంగిన ఆ పదిహేను వీపులనూ చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు పెన్ను మూత తీశాడు. యంత్రం ఇంకా మొదలే కాలేదు, నడుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆయన ఫారంలో ఒక అంకె వేసి కింద సంతకం పెట్టాడు. అటెండరు చేతికిచ్చాడు.

"ఇది తీసుకెళ్ళి మేడం గారికే ఇవ్వు. ఆవిడ చేతికే. హెడ్‌మాస్టరు గారు అడిగితే నేను ఇవ్వమన్నానని చెప్పు."

అటెండరు కాగితం మీదికి తొంగి చూశాడు. "నాలుగు బల్లలా సార్? ఆయన మూడన్నారుగా?"

"ఆయన అన్నారు. నేను నాలుగు రాశాను." సారు పెన్ను మూత పెట్టాడు. "ఏమవుతుందో అవుతుంది, నువ్వెళ్ళు."

ఆ మాట బ్రేకమ్మ విన్నది. ఆయన మీద అంతవరకు పట్టి ఉంచిన కోపం ఎటుపోయిందో పోయింది. రెండువందల పన్నెండో బిళ్ళ నిలబెట్టి లేచింది.

"అందరూ చేతులు తియ్యండి" అంది.

పదిహేనుమందీ బల్లలకు దూరంగా జరిగి చేతులు వెనక్కి కట్టుకున్నారు. మొదటి బిళ్ళ దగ్గర మాత్రం నత్తను నిలబెట్టారు, చెయ్యి వణకనివాడు వాడే కాబట్టి. వాడు తోశాడు. బిళ్ళలు పడుతున్న చప్పుడు హాలంతా పరుచుకుంది. సీసా ఒంగింది. నీళ్ళు ధారగా పడ్డాయి, ఇంకా పడ్డాయి, తక్కెడ వాలదేమోననిపించింది, వాలింది. గుండు కదిలింది. రెండో మెలిక దగ్గర ఫస్టు కళ్ళు మూసుకున్నాడు. వంతెన కిర్రుమంది గాని చిరగలేదు. గుండు దిగింది, చెంచాలో పడింది. ఒక్క క్షణం, చెంచా ఆలోచిస్తున్నట్టు అలాగే ఉండిపోయింది. చెంచా ఒంగింది. రబ్బరు వదిలింది. లిఫ్టు ఏ తొందరా లేకుండా, ఎవరినో ఎక్కించుకుని వెళ్తున్నంత నిదానంగా పైకి లేచి మీటను తన్నింది.

గంట ఖంగుమని మోగింది. అంత దగ్గరగా విన్నా ఎవరూ చెవులు మూసుకోలేదు.

ఈసారి తరగతులకు ఎవరూ చీటీ పంపలేదు మరి. ఆఖరి గంట అనుకుని బడి బడంతా ఒక్కసారిగా లేచింది. బెంచీలు జరిగిన చప్పుడు, సంచులు భుజాలకెక్కిన చప్పుడు, మెట్లమీద వందల కాళ్ళ చప్పుడు. పది నిమిషాల ముందే పిల్లలంతా వరదలా గేటువైపు పరిగెత్తుతుంటే, ఆ వరదకు ఎదురీదుకుంటూ, టీకప్పు చేత్తోనే సజావు సారు హాలు గుమ్మంలోకి వచ్చి పడ్డాడు. ఆయన వెనకే కమిటీ మేడం, ఆవిడ చేతిలో ఫారం.

"ఎవరు? ఎవరు కొట్టారు గంట?" ఆయన గొంతు చించుకుని అరిచాడు. "టైము కాకుండా గంట కొట్టింది ఎవరో చెప్పండి!"

పదిహేనుమంది పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. గుమ్మం దగ్గర ఆయన పక్కనే పదహారోవాడు కూడా. గోడ పక్క సైన్సు సారు లేచి నిలబడి, ఆయనా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇత్తడి పళ్ళెం ఇంకా సన్నగా ఊగుతోంది. బ్రేకమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఎవరూ కొట్టలేదు సార్" అంది.